ఎక్కిళ్ళు, దురద, తెలీని చెయ్యి: నరాల జబ్బు ఇలా కూడా మొదలవుతుంది

(శ్రీకాకుళంలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, టీచర్లు, పేషెంట్ల ఇంటివాళ్ళు వచ్చిన సభలో ఒక న్యూరాలజీ డాక్టరమ్మ మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాన్ కింద కూర్చోండి, పేషెంట్లున్నారు కదా, వాళ్ళకి వేడి పడదు, ఎందుకు పడదో కూడా చెప్తాను, అది మధ్యలో వస్తుంది.

ఎక్కిళ్ళతో మొదలుపెడతాను. మనకి ఎక్కిళ్ళొస్తే ఏం చేస్తాం? నీళ్ళు తాగుతాం, పంచదార నోట్లో వేసుకుంటాం, ఎవరో తలుచుకుంటున్నారు అనుకుంటాం. పది నిమిషాలకి పోతాయి. బాగానే ఉంది. మరి పోకపోతే? ఒక రోజు, రెండు రోజులు, మూడో రోజు కూడా పోకపోతే? తిన్నది తిన్నట్టు వాంతైపోయి, నిద్రలో కూడా ఎక్కిళ్ళు ఆగకపోతే ఏం చేస్తాం? గ్యాస్ బిళ్ళ వేస్తాం. తగ్గకపోతే గ్యాస్ ఇంజెక్షన్. తర్వాత ఎండోస్కోపీ. అది నార్మల్. అల్ట్రాసౌండ్, అదీ నార్మల్. పాతికేళ్ళ పిల్ల అయితే నెల తప్పిందేమో అని టెస్ట్ చేస్తాం, అదీ కాదు. ఇంక అన్నీ నార్మల్ వచ్చేశాక ఇంట్లో ఏమంటారు? నాటకం అంటారు. పని తప్పించుకోడానికి అంటారు. రెండు వారాలకి అవే తగ్గిపోతాయి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నెలో రెండు నెలలో గడిచాక ఒక రోజు పొద్దున్న లేచి కాళ్ళు కింద పెట్టబోతే నడుం కింద నుంచి పట్టు లేదు, ఒంటేలు రావట్లేదు, పొట్ట ఉబ్బిపోయింది. అప్పుడు నా దగ్గరికి తీసుకొస్తారు.

ఇది ఒక్క అమ్మాయి కథ కాదు, చాలామందిని కలిపి చెప్తున్నాను, ఎవరూ ఫలానా వాళ్ళని వెతకొద్దు. కానీ ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన కాదు. ఆ ఎక్కిళ్ళు కడుపువి కావు. మెదడు కింది భాగంలో, వెన్నుపాము మొదలయ్యే చోటికి కొంచెం పైన, వాంతిని కంట్రోల్ చేసే చిన్న కేంద్రం ఒకటుంది, దాన్ని ఏరియా పోస్ట్రీమా అంటారు. మెదడులో మిగతా చోట్ల రక్తంలోని పదార్థాలు ఇష్టమొచ్చినట్టు లోపలికి వెళ్ళలేవు, గట్టి కాపలా ఉంటుంది. ఇక్కడ మాత్రం ఆ కాపలా పల్చన, ఎందుకంటే రక్తంలో విషం ఏదైనా ఉంటే పసిగట్టి వాంతి చేయించడమే దాని పని కాబట్టి. ఇప్పుడు ఒంట్లోని రక్షణ వ్యవస్థే దారి తప్పి, మన మెదడు మీదే దాడి చేసే యాంటీబాడీలు తయారుచేసిందనుకోండి, అవి ముందు ఎక్కడ దూరతాయి? కాపలా లేని చోటే కదా. అందుకే ఎక్కిళ్ళు, అందుకే వాంతులు. దీని పేరు న్యూరోమైలైటిస్ ఆప్టికా, పొడుగ్గా ఉంది కదా, ఎన్ఎంఓ అందాం. 2015లో ప్రపంచంలోని నిపుణులంతా కలిసి ఈ జబ్బుని గుర్తుపట్టడానికి రాసుకున్న ముఖ్యమైన ఆరు లక్షణాల్లో ఈ ఆగని ఎక్కిళ్ళు, వాంతులు కూడా ఒకటి, కంటిచూపు పోవడంతో సమానంగా పెట్టారు దాన్ని. ఆ టైమ్‌లోనే పట్టుకుని స్టెరాయిడ్ ఇస్తే చాలామందికి ఎక్కిళ్ళు త్వరగా ఆగిపోతాయి. అక్కడే జబ్బు దొరికి ముందుకి సరైన మందు వేసుకుంటే ఆ కాళ్ళు పడిపోయే రోజుని చాలామంది తప్పించుకోవచ్చు. అది నా బాధ. ఇవాళ నేను ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే: వింత లక్షణం చెప్పిన మనిషిని నమ్మండి, ఆ లక్షణాన్ని పాత లక్షణాలతో కలిపి చూడండి.

ఇప్పుడు జబ్బేంటో కొంచెం చెప్తాను, ఎక్కువ టైమ్ తీసుకోను. మన నరాల పోగుల చుట్టూ మైలిన్ అని ఒక కొవ్వు పొర ఉంటుంది. అది నరం పొడుగునా ముక్కలు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో చిన్న ఖాళీలు. సిగ్నల్ ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుకుంటూ పోతుంది. మన ఎక్స్‌ప్రెస్ బండి పలాసలో ఆగి మళ్ళీ శ్రీకాకుళం రోడ్డులో ఆగుతుంది చూడండి, అలాగ. మైలిన్ పోయిందనుకోండి, అదే బండి పూండి, నౌపడ, తిలారు, ఊర్లాం అని ప్రతిచోటా ఆగుతుంది, ఒక్కోసారి స్టేషన్ కాని చోట ఆగిపోయి ఇంక కదలదు. మంచి మైలిన్ ఉన్న లావుపాటి నరంలో సిగ్నల్ సెకనుకి 100 మీటర్ల దాకా పోతుంది, ఆ పొర లేని సన్న నరంలో మీటరో రెండు మీటర్లో. అంత తేడా. ఇంకోటి, పొర పోయిన నరాలు పక్కపక్కనే ఉంటే ఒకదాని సిగ్నల్ పక్కదాన్లోకి లీక్ అవుతుంది, లేని చోట నొప్పి, లేని చోట దురద, లేని చోట తడి వచ్చేది అందుకే. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో సగం వింతలు అర్థమైపోతాయి.

ఈ పొర మీద దాడి చేసే జబ్బులు మెదడు, వెన్నుపాములో ముఖ్యంగా మూడు. ఒకటి మల్టిపుల్ స్క్లెరోసిస్, ఎంఎస్. రెండోది ఇందాక చెప్పిన ఎన్ఎంఓ. దీన్లో యాంటీబాడీ నేరుగా మైలిన్ మీద కాదు, ఆక్వాపోరిన్-4 అని నీళ్ళు వెళ్ళే ఒక మార్గం మీద పడుతుంది, దాని వెనకే మైలిన్ కూడా పోతుంది. మూడోది మోగ్ జబ్బు, ఎంఓజీ అంటారు, పిల్లల్లో ఎక్కువ చూస్తాం, దాన్ని ఏ లక్షణాలతో గుర్తుపట్టాలో అంతర్జాతీయంగా ఒప్పందం కుదిరిందే 2023లో. ఈ మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ మందులు వేరు. ఎంఎస్‌కి మంచి చేసే కొన్ని మందులు, ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ లాంటివి, ఎన్ఎంఓ ఉన్నవాళ్ళకిస్తే జబ్బు ముదురుతుంది. అందుకని రక్తంలో ఆక్వాపోరిన్ యాంటీబాడీ, మోగ్ యాంటీబాడీ చూడకుండా తొందరపడి ఎంఎస్ అని ముద్ర వెయ్యకూడదు. ఆక్వాపోరిన్ యాంటీబాడీని 2004లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు కనిపెట్టేదాకా చాలామందికి అదే జరిగింది, రెండూ ఒకటే అనుకుని వైద్యం చేశారు.

కళ్ళు కనిపించకపోవడం, కాళ్ళు పడిపోవడం, ఇవి అందరికీ తెలిసినవే, వాటికి పరిగెత్తుకొస్తారు. నేను మాట్లాడేది మిగతావాటి గురించి. నా దగ్గరికొచ్చేవాళ్ళు మొదట ఒక మాటంటారు, "అమ్మా, ఏటో తేడాగుంది, నాను సెప్పలేను." ఆ సెప్పలేనిది ఏంటో చూద్దాం.

ఒకామె అంటుంది, "కాలు మీద నీల్లు కారినట్టుంటాదమ్మా, సూస్తే తడి ఉండదు." ఇంకొకాయన పొడి నేల మీద నిలబడి తడి సాక్స్ వేసుకున్నట్టుంది అంటాడు. వీళ్ళకి ఇంట్లో ఏం పేరు పెడతారో మీకు తెలుసు. కానీ వెన్నుపాములో మచ్చ, అంటే మైలిన్ దెబ్బతిన్న చోటు, ఉంటే సరిగ్గా ఇలాగే ఉంటుంది, వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్తున్నారు.

దురద. ఒంటి మీద దద్దురు లేదు, పొక్కు లేదు, మెడ వెనకో భుజం మీదో ఒక్క చోటే పట్టుకుని పీకేస్తుంది, గోకితే తగ్గదు, రక్తమొచ్చేదాకా గోకుతారు. గజ్జి మందు రాస్తారు, ఎలర్జీ బిళ్ళ వేస్తారు. ఎన్ఎంఓలో ఇది తరచుగా చూస్తాం, కొంతమందికి వెన్నుపాము మీద దాడికి ముందు వచ్చే మొదటి గుర్తు ఇదే. పాత పేషెంటు ఎవరైనా మెడ దగ్గర కొత్తగా దురద అన్నారంటే నేను అదే వారం ఎమ్మారై గురించి ఆలోచిస్తాను, స్కిన్ డాక్టరు దగ్గరికెళ్ళి ఆ తర్వాత రమ్మనను.

తల వంచితే షాక్. తల కిందకి వంచి ముగ్గేస్తుంటే, గిన్నెలు తోముతుంటే, మెడ నుంచి వెన్ను మీదుగా కాళ్ళదాకా కరెంటు పాకినట్టు. తల ఎత్తగానే పోతుంది. ఆటోలో గతుకుల రోడ్డు మీద వస్తుంటే ప్రతి కుదుపుకీ షాక్ అన్నవాళ్ళున్నారు. లెర్మిట్ అని ఫ్రాన్స్ డాక్టరు 1924లో దీని గురించి వివరంగా రాశాడు, అందుకని ఆయన పేరే పెట్టారు. ఇది ఎంఎస్‌లో వస్తుంది, నిజమే, కానీ మెడ ఎముకలు అరిగి వెన్నుపామును నొక్కినా వస్తుంది, బి12 తక్కువైనా వస్తుంది. కాబట్టి ఇంటికెళ్ళి తల వంచి చూసుకుని భయపడిపోకండి. చూపించుకోండి అంతే.

తర్వాత ఛాతీ చుట్టూ పట్టీ. పక్కటెముకల చుట్టూ, పొట్ట చుట్టూ ఎవరో నడికట్టు గట్టిగా బిగించేసినట్టు. ఊపిరి ఆడట్లేదంటారు. ఒక్కటి గట్టిగా చెప్తాను, ఛాతీ పట్టేసిందని ఎవరన్నా ముందు ఈసీజీ తియ్యండి, గుండె సంగతి తేల్చుకోండి, అది మొదటి పని, దాన్లో రెండో మాట లేదు. కానీ గుండె బాగానే ఉందని తేలాక ఆగిపోకూడదు. గుండె బాగుంది, గ్యాస్ బిళ్ళకి తగ్గలేదు, రోజులు గడుస్తున్నా ఆ బిగువు అలాగే ఉంది, పైగా ఆ పట్టీ కింద తాకితే స్పర్శ తేడాగా ఉంది అంటే అది వెన్నుపాము. ఇక్కడ ఆర్‌ఎంపీలు ఎవరైనా ఉన్నారా? ఉంటే దయచేసి వినండి. ఈ నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పని చెయ్యదు. ఒకటి కాకపోతే రెండు, రెండు కాకపోతే రోజూ అని పొడుస్తూ పోతే నరం నొప్పి తగ్గదు, కిడ్నీ మాత్రం పోతుంది. కిడ్నీ జబ్బులు అంత ఎక్కువున్న ఉద్దానం పక్కన పెట్టుకుని మనం ఆ పని చెయ్యొచ్చా? సోంపేట, కంచిలి, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అదే మాట మీద ఇంకోటి, కిడ్నీ తేడా ఉన్నవాళ్ళు ఎమ్మారైకి వెళ్ళినప్పుడు కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కి ముందే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూపించండి, వాళ్ళు అడక్కపోయినా మీరే చూపించండి.

కొంకర్లు పోవడం. ఇది చాలామంది మూర్ఛ అనుకుంటారు. చెయ్యి ఒక్కసారిగా లోపలికి మెలితిరిగిపోతుంది, కాలు కట్టెలా బిగుసుకుపోతుంది, భరించలేని నొప్పి, అర నిమిషం, నిమిషం, ఎక్కువంటే రెండు నిమిషాలు, వదిలేస్తుంది. రోజుకి పది ఇరవైసార్లు. మంచం మీద నుంచి లేచేటప్పుడో, ఆయాసంగా గాలి పీల్చినప్పుడో మొదలవుతుంది. తేడా ఏంటంటే, మనిషికి తెలివి ఉంటుంది, మాట్లాడతారు, ఏడుస్తారు. కాల్షియం తగ్గిందని కాల్షియం ఎక్కించేస్తారు, చూడ్డానికి అలాగే ఉంటుంది కాబట్టి ఎక్కించినవాళ్ళని నేను తప్పుపట్టను, కానీ కాల్షియం నార్మల్ వచ్చాక కూడా మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆలోచించాలి. పక్కనరంలోకి సిగ్నల్ లీక్ అవుతుందని చెప్పాను చూడండి, ఇది అదే. కార్బమాజెపిన్ కొద్ది డోసుకే చాలామందికి తగ్గిపోతుంది. ఆ మందు వేసుకున్నాక ఒంటి మీద దద్దురు గానీ నోట్లో పుండ్లు గానీ వస్తే మాత్రం ఆపేసి అదే రోజు డాక్టరు దగ్గరికి రావాలి, అది ప్రమాదం.

మూతి దగ్గర, దవడలో కత్తితో కోసినట్టు నొప్పి. ఇది పెద్ద వయసువాళ్ళకి వేరే కారణాలతో వస్తుంది. కానీ ముప్పై ఏళ్ళ మనిషికి వస్తే, రెండు పక్కలా వస్తే, ఎంఎస్ కోసం చూడాలి. ఎంతమంది మంచి పళ్ళు పీకించేసుకుని వచ్చారో! పన్ను పీకినా నొప్పి పోలేదని రెండోది, మూడోది. పళ్ళ డాక్టర్లు కూడా ఎవరైనా వింటుంటే, ఎక్స్‌రేలో పన్ను బాగుంటే పీకకండి.

చెయ్యి గురించి చెప్పాలి, ఇది నాకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది చెప్పడానికి. పొందూరు దగ్గర సన్న నూలు వడికే ఆడవాళ్ళని చూశారు కదా, వాళ్ళ వేళ్ళకి కళ్ళుంటాయి, పోగు ఎంత సన్నం వస్తుందో చూడక్కర్లేదు, తెలుస్తుంది. అలాంటి చేతిపని చేసే మనిషికి ఒక రోజు చెయ్యి తెలియడం మానేస్తుంది. బలం ఉంటుంది, బిందె ఎత్తమంటే ఎత్తుతుంది. కానీ పోగు వేళ్ళ మధ్య ఉందో లేదో తెలీదు. "నా సెయ్యి నాది కానట్టుందమ్మా" అంటుంది. డాక్టరు చెయ్యి నొక్కమంటాడు, నొక్కుతుంది, బలం బాగానే ఉంది పొమ్మంటాడు. కళ్ళు మూయించి ఆ అరచేతిలో రూపాయి బిళ్ళ పెట్టి ఏంటో చెప్పమంటే అప్పుడు తెలిసేది, తాళంచెవో, బొత్తామో, ఏదీ చెప్పలేదు. మెడ దగ్గర వెన్నుపాము వెనక భాగంలో చిన్న మచ్చ చాలు దీనికి. ఓపెన్‌హైమ్ అనే జర్మన్ డాక్టరు వందేళ్ళ పైనే దీన్ని గుర్తించి చెప్పాడు. స్టెరాయిడ్ ఇస్తే చాలామందికి వారాల్లో నెలల్లో తిరిగొస్తుంది. ఏఎన్ఎంలు ఈ రూపాయి బిళ్ళ పరీక్ష ఇంటి గుమ్మంలో కూర్చునే చెయ్యొచ్చు, ఏ మిషనూ అక్కర్లేదు.

కంటి విషయంలో కూడా వింతలున్నాయి. చూపు తగ్గక ముందు కన్ను కదిపితే నొప్పి, చీకట్లో కన్ను తిప్పితే మెరుపులు, ఎర్ర రంగు ఒక కంట్లో వెలిసిపోయినట్టు కనపడ్డం. ఒక కన్ను మూసి ఒక కన్నుతో ఎర్ర చీర చూడండి, రెండో కన్నుతో చూడండి, తేడా ఉంటే అది అద్దాల సమస్య కాదు. ఇంకోటి చాలామంది డాక్టర్లకి కూడా చెప్పరు. చూపు తిరిగొచ్చాక కూడా హైవే మీద బండి నడుపుతుంటే ఎదురుగా అడ్డంగా వెళ్ళే బండి తమ మీదకే వంపు తిరిగి వస్తున్నట్టుంటుంది. బస్సు దిగడానికి భయం, రోడ్డు దాటడానికి భయం. ఇది ధైర్యం లేక కాదు. ఒక కంటి నుంచి సిగ్నల్ కొంచెం లేటుగా వస్తుంది, మెదడు రెండిటినీ కలిపి దూరం తప్పుగా లెక్కేస్తుంది. 1922లో పుల్‌ఫ్రిచ్ అనే ఆయన దీన్ని వివరించాడు, ఆయనకి ఒక కన్ను కనపడదు, అంటే తను చెప్పినదాన్ని తను ఎప్పుడూ చూడలేకపోయాడు. ఒక పక్క అద్దానికి కొంచెం నల్లరంగు వేయిస్తే చాలామందికి సర్దుకుంటుంది.

ఇప్పుడు నవ్వు, ఏడుపు. దీని గురించి నెమ్మదిగా చెప్తాను, వినండి. చావింట్లో అందరూ ఏడుస్తుంటే ఒక కోడలు పగలబడి నవ్వింది. ఆపుకోవాలని చీర కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. ఆమెకి లోపల నవ్వు రాలేదు, దుఃఖమే ఉంది, ముఖం నవ్వింది. మెదడులో భావానికీ ముఖానికీ మధ్య ఉండే తీగలు దెబ్బతింటే ఇలా జరుగుతుంది, కారణం లేని ఏడుపు కూడా ఇదే. దీనికి మందులున్నాయి. కానీ ఆ కోడలికి ముందు ఏం జరుగుతుంది? దెయ్యం అంటారు, చిల్లంగి అంటారు, వేపమండలు తెస్తారు, కొట్టేవాళ్ళూ ఉన్నారు. నేను ఎవరి నమ్మకాన్నీ తక్కువ చెయ్యను, అరసవిల్లి వెళ్ళి దండం పెట్టుకోండి, పైడితల్లికి మొక్కుకోండి, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ మనిషిని కట్టేసి కొట్టడం, అన్నం పెట్టకపోవడం, అది మాత్రం చెయ్యనివ్వకండి. మీ ఊళ్ళో మీరే అడ్డుపడాలి, నేను అక్కడ ఉండను.

పగలు కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోవడం, ఇది కూడా ఎన్ఎంఓలో ఉంది, మెదడు మధ్యలో నిద్రని చూసుకునే చోట మచ్చ వస్తే. మాట హఠాత్తుగా ముద్దగా అయిపోయి పది సెకన్లలో మామూలైపోవడం, రోజుకి చాలాసార్లు, ఇది ఎంఎస్‌లో. ఒంటేలు ఆపుకోలేకపోవడం, లేదా వెళ్ళి కూర్చున్నా రాకపోవడం. మగవాళ్ళల్లో ఆడవాళ్ళల్లో దాంపత్య సమస్యలు, ఇది ఎవరూ చెప్పరు, అడిగితే చెప్తారు. అడగండి. పిల్లల్లో మోగ్ జబ్బయితే జ్వరం వచ్చి తగ్గాక మత్తుగా, చిరాగ్గా, వేరే పిల్లలా అయిపోవడం, ఫిట్స్ రావడం, రెండు కళ్ళూ ఒకేసారి మసకబారడం. టీచర్లు ఇది పట్టుకోగలరు, నిన్నటిదాకా బోర్డు చదివిన గుంట ఇవాళ చదవలేకపోతే బెంచీ మార్చి ఊరుకోవద్దు.

వేడి గురించి చెప్తానన్నాను కదా. ఉథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లో గమనించాడు, ఎంఎస్ ఉన్నవాళ్ళు ఒళ్ళు అలిసేలా నడిస్తే చూపు మసకబారుతోంది, కాసేపు కూర్చుంటే మళ్ళీ వచ్చేస్తోంది. తర్వాత అర్థమైంది అది వేడి వల్ల అని. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, మైలిన్ పల్చబడ్డ నరంలో సిగ్నల్ ఆగిపోతుంది. ఎమ్మారైలు లేని రోజుల్లో పేషెంటుని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు బయటపడుతున్నాయా అని చూసేవారు, అదే పరీక్ష. ఇప్పుడు మన మే నెల ఎండ ఊహించుకోండి. పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట పని ఊహించుకోండి. కాళ్ళు లాగేస్తున్నాయి, కళ్ళు మసకేస్తున్నాయి అంటారు, నీడకొచ్చి తడిగుడ్డ వేసుకుంటే అరగంటలో సర్దుకుంటుంది. మేస్త్రీ ఏమనుకుంటాడు? పనిదొంగ అనుకుంటాడు. ఇది కొత్త దాడి కాదు, పాత మచ్చే వేడికి బయటపడింది, స్టెరాయిడ్ అక్కర్లేదు. జ్వరం ఉందేమో, ఒంటేల్లో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసి దానికి మందివ్వాలి. గోరువెచ్చని నీళ్ళతో స్నానం, ఎండ ముదరక ముందే పని, మెడకి తడి తువ్వాలు, అంతే.

మరి ఏది దాడి, ఏది కాదు? లక్షణం కొత్తది, జ్వరం లేదు, 24 గంటలు దాటి ఉంది అంటే దాడి అనుకోవాలి. ఒక్క గమనిక, కొంకర్లు, మాట ముద్దవడం లాంటి క్షణాల్లో పోయేవి మళ్ళీ మళ్ళీ రోజంతా వస్తుంటే అవి కూడా లెక్కలోకే. కన్ను మసకబారితే, కాళ్ళు బలం తగ్గితే, ఒంటేలు ఆగిపోతే 24 గంటలు కూడా చూడొద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి రండి. మిథైల్ ప్రెడ్నిసలోన్ రోజుకి ఒక గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు సెలైన్‌లో ఇస్తాం, దానికి లొంగకపోతే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, మార్చడం ఉంది, ఎన్ఎంఓలో అది ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. వీలైతే యాంటీబాడీ టెస్టుకి రక్తం స్టెరాయిడ్ కంటే ముందే తీసిపెట్టించండి, అలాగని టెస్టు కోసం వైద్యం ఆపొద్దు.

ఇంక నేను చాలా ముఖ్యం అనుకునేది. ఒక పేషెంటు వస్తుంది, మూడు ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని. ఒక దాన్లో కంటి ఆసుపత్రి కాగితాలు, నాలుగేళ్ళ కిందటివి. ఇంకో దాన్లో గ్యాస్ డాక్టరు కాగితాలు. మూడో దాన్లో నడుంనొప్పికి ఎముకల డాక్టరు రాసినవి. ముగ్గురూ వాళ్ళ వాళ్ళ పని సరిగ్గానే చేశారు. మూడు కవర్లూ ఒక చోట ఎవరూ విప్పలేదు. అవి ఒకే టేబుల్ మీద పెడితే ఏ టెస్టూ లేకుండానే జబ్బు ముప్పావు వంతు తెలిసిపోతుంది. అందుకే నోటుబుక్కు పెట్టమంటాను. పెద్దగా రాయక్కర్లేదు: ఏమైంది, ఏ నెల, ఎన్నాళ్ళుంది, ఎలా తగ్గింది, ఎవరు ఏం మందిచ్చారు.

ఇది నేను కొత్తగా చెప్తున్నది కాదు. ఇంగ్లండ్‌లో అగస్టస్ డెస్టే అని ఒకాయన, రాజు మూడో జార్జి మనవడు. 1822లో ఆయన ఒక దగ్గరి బంధువు అంత్యక్రియలకి వెళ్ళాడు, అక్కడి నుంచి చూపు మసకబారింది. కొన్నాళ్ళకి దానంతటదే వచ్చేసింది. తర్వాత కాళ్ళు, తర్వాత తిమ్మిర్లు, తర్వాత ఒంటేలు. ప్రతిదీ డైరీలో రాసుకున్నాడు, ఏ ఊరు వెళ్ళాడో, ఏ డాక్టరు ఏ నీళ్ళల్లో స్నానం చెయ్యమన్నాడో. 1848లో పోయాడు. ఆయనకున్నది ఏంటో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు, ఎందుకంటే ఆ జబ్బుని షార్కో అనే ఫ్రెంచ్ డాక్టరు పారిస్‌లో స్పష్టంగా వర్ణించింది 1868లో, ఇరవై ఏళ్ళ తర్వాత. కానీ ఆ డైరీ మిగిలింది కాబట్టి ఇప్పుడు ఎవరు చదివినా అది ఎంఎస్ అని చెప్పగలుగుతున్నారు. ఎమ్మారై లేదు, రక్తపరీక్ష లేదు, రాత ఒక్కటే ఉంది. మరి మనకి అన్నీ ఉండి ఆ రాత లేకపోతే ఎలాగమ్మా?

ప్రశ్నలు అడగండి. ఆ, మీరు.

ఎందుకొస్తుందని అడుగుతున్నారు. ఒక్క కారణం కాదు. ఎంఎస్ విషయంలో 2022లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా యువతీయువకుల్లో ఎంఎస్ వచ్చినవాళ్ళని వెతికి, వాళ్ళవీ, పోల్చడానికి జబ్బు రానివాళ్ళవీ, దాచి ఉంచిన రక్త నమూనాలు చూశారు, ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకాక ఎంఎస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. అయితే ఆ వైరస్ దాదాపు మనందరికీ ఏదో వయసులో సోకేదే, అందరికీ జబ్బు రాదు కదా. విటమిన్ డి తక్కువవడం, పొగతాగడం, కొంత వంశం కూడా ఉన్నాయి. అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తినొచ్చు. పాపం వల్ల రాలేదు, ఎవరి చెడుచూపు వల్లా రాలేదు.

వికలాంగుల సర్టిఫికెట్ గురించి అడిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు పెట్టి ఉంది, 21 రకాల వైకల్యాల్లో అదొకటి. బయటికి కాళ్ళు చేతులు బాగానే కనపడుతున్నాయని వెనక్కి పంపిస్తే ఆ మాట చెప్పండి, చట్టంలో ఉందని చెప్పండి. మెడికల్ బోర్డుకి వెళ్ళేటప్పుడు నోటుబుక్కు పట్టుకెళ్ళండి, పాత ఎమ్మారై ఫిల్ములు కూడా, రిపోర్టు కాగితం ఒక్కటీ కాదు, ఫిల్ములు. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా అని 1985 నుంచి ఉంది, వాళ్ళని కూడా కనుక్కోండి.

మందులు మానేస్తే ఏమవుతుంది? మీకు బాగానే ఉంది కాబట్టి మానేద్దాం అనిపిస్తుంది, డబ్బులు కూడా కష్టమే, నాకు తెలుసు. కానీ ఎన్ఎంఓలో ఒక్క దాడే కన్ను పూర్తిగా తీసుకుపోవచ్చు. అజాథయోప్రిన్ గానీ మైకోఫెనొలేట్ గానీ రిటుక్సిమాబ్ గానీ, ఏది వాడుతున్నా మీ అంతట మీరు ఆపొద్దు, కొనలేని పరిస్థితి వస్తే వచ్చి చెప్పండి, చవకది ఏదో ఒకటి చూద్దాం, మాట్లాడకుండా మానెయ్యడం మాత్రం వద్దు.

ఆఖరి ప్రశ్న, ఆ చివరనున్న అమ్మాయి. పెళ్ళి, పిల్లలు. చాలా మంచి ప్రశ్న, నీకు ధైర్యం ఉంది అడగడానికి. పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. 1998లో యూరప్‌లో 12 దేశాల్లో 254 మంది ఎంఎస్ ఉన్న ఆడవాళ్ళని గర్భం వచ్చినప్పటి నుంచి చూశారు, ఆఖరి మూడు నెలల్లో దాడులు బాగా తగ్గాయి, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో పెరిగాయి. ఎన్ఎంఓలో కూడా కాన్పు తర్వాతే భయం ఎక్కువ. మైకోఫెనొలేట్, ఫింగోలిమాడ్, టెరిఫ్లునమైడ్ లాంటివి గర్భంలో వాడకూడదు, అందుకని అనుకోకుండా రావడం కాదు, కనాలనుకున్నప్పుడు కొన్ని నెలల ముందే వచ్చి చెప్పాలి, మందు మార్చి, జబ్బు నిలకడగా ఉందని చూసుకుని, అప్పుడు. పెళ్ళికి ముందు అబ్బాయి ఇంట్లో చెప్పాలా అని కూడా అడిగావు కదా, చెప్పాలి అంటాను నేను, మీ ఇద్దర్నీ కలిపి నా దగ్గరికి తీసుకురమ్మను మీ నాన్నగారిని, నేను కూర్చోబెట్టి చెప్తాను. ఆశా వాళ్ళకి ఒక్క మాట, ఇలాంటి తల్లి మీ ఊళ్ళో కాన్పయితే ఆ మూడు నెలలూ బిడ్డ బరువు చూడ్డానికి వెళ్ళినప్పుడు తల్లిని కూడా కూర్చోబెట్టి అడగండి, చూపు ఎలా ఉంది, కాళ్ళు ఎలా ఉన్నాయి, ఒంటేలు సరిగ్గా వస్తోందా అని. తేడా ఉందంటే నాకు గానీ పెద్దాసుపత్రికి గానీ అదే రోజు ఫోన్ చెయ్యండి. ఇంకా అడగాల్సినవాళ్ళు బయటికి రండి, నేను అక్కడే ఉంటాను.